ఎడమవైపు వెనక కిటికీ

బుధవారం. తెల్లవారక ముందు నుంచీ వాన. అంకుల్ కారు కవరు ఉతికాను. అది బకెట్లో పట్టదు. స్నానాలగది నేల మీద పరిచి, సబ్బునీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కాల్సి వచ్చింది. కిటికీ బయటి కర్రల మీద ఆరేసే రోజు కాదు కాబట్టి హాల్లో కుర్చీలు వరసగా వేసి వాటి మీద పరిచాను. ఇల్లంతా తడిగుడ్డ వాసన.

అంకుల్ పోయారని కబురు వచ్చిన పొద్దున కూడా ఇదే వాన. ఫోన్ చేసింది ఆయన కూతురు.

"అన్నా, నాన్న పోయారు. ఇప్పుడే డాక్టర్ వచ్చి చెప్పారు," అంది.

ఏడుస్తుందేమోనని ఆగాను. ఏడవలేదు.

"బాబు ఇంట్లో లేడంట అన్నా. పక్కింటి మలాయ్ ఆంటీ చూస్తే తలుపు తీసుందంట. నేను హాస్పిటల్ నుంచి కదల్లేను. మీరు కొంచెం కిందకెళ్ళి చూస్తారా, ప్లీజ్."

బాబు అంటే అంకుల్ కొడుకు. నలభై దాటినవాడు, జుట్టు కూడా నెరుస్తోంది. పుట్టుకతోనే మనసు ఎదగలేదు. వచ్చిన మాటలు కొన్నే, అవీ బడిలో నేర్పిన ఇంగ్లిషు మాటలు. సింగపూర్‌లోని మా చోవా చూ కాంగ్ బ్లాకులో అందరికీ అతను బాబే.

ఎక్కడుంటాడో నాకు తెలుసు. గొడుగు కూడా తీసుకోకుండా కార్‌పార్క్ రెండో అంతస్తుకి వెళ్ళాను. స్తంభం పక్కన అంకుల్ కారు ఎప్పటిలాగే కవరు కప్పుకుని ఉంది. కానీ ఎడమవైపు కింద అంచు లేచి ఉంది. వంగి కవరు కిందికి దూరాను. వెనక తలుపు కొంచెం తెరిచే ఉంది. బాబు తన చోట కూర్చుని కిటికీ అద్దం హ్యాండిల్ తిప్పుతున్నాడు. అద్దం కిందికి దిగేది. అవతల గాలి లేదు, కవరు గుడ్డ ఉంది. దాన్ని చూసి మళ్ళీ పైకి తిప్పేవాడు.

నన్ను చూసి, "టుడే కార్?" అన్నాడు.

ఆ గుడ్డ చీకట్లో అతని పక్కన కూర్చున్నాను. అతని అక్క వచ్చేదాకా అలాగే ఉన్నాం.

ఈ సంచిక కోసం అంకుల్ గురించి రాయమని మన తెలుగు సంఘం వాళ్ళు అడిగారు. నేను పెద్దగా చదువుకోలేదు. సభలో నిలబడి మాట్లాడినవాణ్ణి కాను. రోజూ సాయంత్రం ఆ రోజు పని, ఖర్చు పుస్తకంలో రాసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన రాత. అందుకే ఇది కూడా రోజు పద్దులాగే మొదలుపెట్టాను. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

గోదావరి జిల్లా నుంచి ఓడల యార్డులో పనికి వచ్చినవాణ్ణి నేను. పాత సీట్లు విప్పి, కుట్టు ఎటు పోయిందో చూసి చూసి, కారు సీట్లు కుట్టే పని సొంతంగా పట్టుకున్నాను. ఇప్పుడు ఒక చిన్న షెడ్డు ఉంది. అంకుల్ది మా బ్లాకే, మా పై అంతస్తు. వాళ్ళ ముత్తాత విశాఖ తీరం నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చారు. అంకుల్ ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. తెలుగు బాగానే మాట్లాడేవారు. మధ్యలో అరవం, మలాయ్ వచ్చి కూర్చునేవి. తెలుగువాణ్ణయిన నన్ను మొదటి రోజు నుంచీ చివరి రోజు దాకా "తంబీ" అనే పిలిచారు.

ఆయన కారు ఒక పాత బ్రిటిష్ సెలూన్. పేరు రాయను. సింగపూర్‌లో అలాంటివి ఎన్నో లేవు, పేరు రాస్తే ఎవరి బండో తెలిసిపోతుంది. అంకుల్ నాన్నగారు ఒక ఇంగ్లిషు ఇంజనీరు దగ్గర డ్రైవరు. దొరలు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయే రోజుల్లో ఆ ఇంజనీరు దాన్ని పాత ఇనుము ధరకు ఆయనకి ఇచ్చి ఓడెక్కాడు. ముదురు ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, ముందు అద్దం కింద వాల్‌నట్ చెక్క పలక, గోధుమ రంగు తోలు సీట్లు. పదేళ్ళయితే కారుని తుక్కుకి పంపే ఈ ఊళ్ళో దాన్ని అన్నేళ్ళు ఎలా నిలబెట్టుకున్నారో, పన్నులు ఎలా కట్టారో ఆయన భార్య, ఆంటీకే తెలియాలి.

మొదటిసారి నా షెడ్డుకి వచ్చింది డ్రైవరు సీటు కుట్టు విడిపోయి. కొత్త తోలు వేస్తానన్నాను. ఆయన నా చేతిలో సూది లాక్కున్నంత పని చేశారు.

"అయ్యయ్యో, కొత్త తోలేటి తంబీ! కొత్తది చెయ్యకు. పాతదాన్ని పాతగా ఉంచు, చాలు."

"చినుగు కనిపిస్తుంది అంకుల్."

"కనిపించనీ. వయసు కనిపిస్తేనే దీనికి రేటు. మనకే తిరగబడింది. ఇది ముసలిదైతే ధర పెరుగుద్ది, నేను ముసలాణ్ణయితే క్లినిక్ బిల్లు పెరుగుద్ది."

పాత రంధ్రాల్లోనే దారం పోనిచ్చి కుట్టాను. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పనే అని ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ ఎవరి సీటైనా ముందుంటే, ముందు చేతులు కట్టుకుని కాసేపు చూస్తాను. అది ఆయన పెట్టిన అలవాటు.

మన ఊరి తేమకి చెక్క పలక పొర లేస్తుంది, తోలుకి బూజు పడుతుంది. ఆయన ఖాళీ మైలో పొడి డబ్బాలకి చిల్లులు పొడిచి, బొగ్గులు నింపి, సీట్ల కింద పెట్టేవారు. నెలకోసారి బొగ్గులు మార్చేవారు. వారానికోసారి మెత్తటి పసుపు గుడ్డతో తుడిచేవారు. ఒక ఆదివారం కార్‌పార్క్‌లో ఆయనకి టిఫిన్ తెచ్చిన ఆంటీ, డబ్బా పట్టుకుని నిలబడి నాతో అన్నారు:

"చూడు నాయనా, ఆ బంపరుకి జరిగే సేవ. అందులో సగం నా మోకాళ్ళకి జరిగుంటే ఈపాటికి పరుగులు తీసేదాన్ని."

ఆయుధపూజకి బండికి బొట్టు పెడతాం కదా. అంకుల్, కుంకుమ బండి రంగుకి అంటుకుంటుందని, బానెట్ మీద ముందు పారదర్శకంగా ఉండే టేపు ముక్క అతికించేవారు. ఆ టేపు మీద ఆంటీ బొట్టు పెట్టాలి. పూజ అయ్యాక టేపు తీసేస్తారు. ప్రతి ఏడూ అదే గొడవ.

"దేవుడికి కూడా టేపేనా? రేపు నాకు బొట్టు పెట్టాలన్నా టేపేస్తారేమో."

"నీకు రీసేల్ లేదు గదే!"

"ఉంటే ఎప్పుడో అమ్మేసుందురు."

బాబు కూడా నవ్వేవాడు. ఏమి అర్థమయ్యేదో తెలియదు, ఇద్దరూ నవ్వుతున్నారని నవ్వేవాడు. ఆంటీ పోయాక అంకుల్ మళ్ళీ బండికి పూజ చేయలేదు. ఆవిడ చివరిసారి బొట్టు పెట్టిన టేపు ముక్కని తీసి, ముందు సీటు ఎదుట సామాన్లు పెట్టుకునే అర మూత లోపలి వైపు అతికించుకున్నారు.

అలాంటి పాత బళ్ళని ఏడాదిలో కొన్ని రోజులే రోడ్డెక్కించాలని ఇక్కడ నియమం. ఆ రోజుల్ని అంకుల్ పండగ బియ్యంలా దాచి వాడేవారు. నియమం ఒప్పుకున్నన్ని రోజులు కూడా తిప్పేవారు కాదు. తిరిగితే మీటరు పెరుగుతుంది, మీటరు పెరిగితే ధర తగ్గుతుంది. తిప్పిన రోజు మాత్రం ఒకటే దారి. ఉదయాన్నే చోవా చూ కాంగ్ నుంచి బయల్దేరి, ఊరి ఆ చివర పాసిర్ రిస్ సముద్రం దాకా వెళ్ళి, అక్కడ కూతురింట్లో, మకాన్ అని ఆయన పిలిచే తిండి తిని, ఎండ ముదరక ముందే వెనక్కి. బాబు ఎడమవైపు వెనక కిటికీ దగ్గర. దారంతా అద్దం దించడం, ఎక్కించడం. అంతకు మించి అతనికి ఏమీ అక్కర్లేదు. అరిచి, తల గోడకి కొట్టుకునే రోజుల్లో కూడా ఆ సీట్లో కూర్చోబెడితే బండి కదలకపోయినా సర్దుకునేవాడు. అందుకే ఇంత జాగ్రత్త మనిషి ఆ ఒక్క తలుపుకి ఎప్పుడూ తాళం వేయలేదు.

కానీ అన్నేళ్ళు తిప్పితే ఏ హ్యాండిలైనా అరుగుతుంది. అది తెలిసి అంకుల్ ఆ కిటికీకి ఉన్న అసలు హ్యాండిల్‌ని ముందే ఊడదీశారు. దంతం రంగు పిడి, మెరిసే కాడ. దాన్ని దూదిలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, దేవుడి అలమారలో దాచారు. బాబు తిప్పుకోవడానికి తుక్కు బండిదేదో నల్ల పిడి ఉన్నది తెచ్చి బిగించారు. డబ్బా నాకు ఒకసారి చూపించారు.

"ఇది అమ్మే రోజున. అది వాడికి," అన్నారు.

అమ్మే రోజు గురించి ఆయన మాట్లాడని వారం లేదు. ధర ఏటేటా పెరిగేది. ఇంగ్లండ్‌లో మంచుకి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి ఆ రకం బళ్ళు చాలా వరకు తుప్పు పట్టి పోయాయట. చిన్నప్పుడు వాటిని చూసి ఆశపడ్డవాళ్ళు ఇప్పుడు డబ్బున్న ముసలివాళ్ళయి, ప్రపంచమంతా వెతికించి కొంటున్నారట. మొదట్లో అడిగినవాళ్ళు మంచి మోటర్‌సైకిల్‌కి సరిపడే ధర చెప్పేవారు. ఈ మధ్య చెప్పిన ధరకి మా గోదావరి వైపు ఇల్లు కట్టుకోవచ్చు.

"వాడి పెన్షన్ తంబీ ఇది," అనేవారు, బానెట్ మీద చెయ్యి వెయ్యకుండా చూపిస్తూ. "నేను పోయాక వాణ్ణి చూసుకునే చోటుకి నెలనెలా కట్టడానికి. మా అమ్మాయి దగ్గరేటుంది, దాని ఇద్దరు పిల్లల చదువులే దానికి కొండ."

"మరి అమ్మెయ్యండి అంకుల్. మీరుండగానే బాబుని ఒక చోట కుదర్చండి. మీరు వెళ్ళి చూస్తుంటే అతనికీ అలవాటవుతుంది."

"వచ్చే ఏడు. ఇంకొంచెం పెరుగుద్ది."

"పడిపోతే?"

"పడిపోద్ది, ఆ కొనే ముసలాళ్ళు పోతే. వాళ్ళు పోయేలోపు అమ్మాలి, నేను పోయేలోపు అమ్మాలి. ఎవరు ముందో చూద్దాం లా!" అని, ఇక్కడివాళ్ళలా మాట చివర "లా" తగిలించి, పెద్దగా నవ్వారు.

నేను నవ్వలేదు. ఆయన కూడా ఆపేశారు. కాసేపు పసుపు గుడ్డ మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టారు. తరువాత అన్న మాట నేను మరిచిపోలేను.

"అమ్మితే వాడికి అన్నం ఉంటది, బండి ఉండదు. అమ్మకపోతే బండి ఉంటది, అన్నం ఉండదు. నేనున్నన్నాళ్ళూ రెండూ ఉంటాయి తంబీ. సుదా, ఇంకేటి చెప్పమంటావు?"

సుదా అంటే మలాయ్‌లో అయిపోయిందని. ఆ మాట అన్నారంటే ఆ సంగతి అక్కడితో సరి.

వచ్చే ఏడు రాలేదు. మార్కెట్లో చేపలు కొంటూ పక్షవాతం వచ్చి పడిపోయారు. హాస్పిటల్లో ఉన్నన్ని రోజులూ మాట లేదు, కుడిచెయ్యి ఆడలేదు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు ఎడమచెయ్యి ఎత్తి ఏదో అడగబోయారు. కారు సంగతో, బాబు సంగతో తెలియలేదు. "ఇద్దరూ బాగున్నారు అంకుల్," అన్నాను. కళ్ళు మూసుకున్నారు.

మండాయి శ్మశానంలో దహనం జరిగిన తరువాతి వారం ఆయన కూతురు నా షెడ్డుకి వచ్చింది. పాయా లేబర్‌లో ఆఫీసు నుంచి నేరుగా, మెడలో బ్యాడ్జి కూడా తీయకుండా వచ్చింది. తోలు ముక్కలున్న స్టూలు ఖాళీ చేసి ఇచ్చాను. కూర్చోలేదు.

"బాబుని మా ఇంట్లో పెట్టి చూశానన్నా. నేను ఆఫీసులో ఉండగా రెండుసార్లు వెళ్ళిపోయాడు. ఒకసారి ఎక్స్‌ప్రెస్‌వే పక్కన దొరికాడు. కార్ కోసం నడుచుకుంటూ వస్తున్నాడు, చోవా చూ కాంగ్‌కి. మా చిన్నది భయపడి బాత్రూంలో గడి పెట్టుకుంటోంది."

"హోమ్ చూశారా అమ్మా?"

"చూశాను. మంచి ప్లేసే. ఫీజు నా శాలరీతో అవ్వదు. కార్ అమ్మితే చాలా ఏళ్ళు నడుస్తుంది." మెడలో బ్యాడ్జి తీసి చేతిలో పట్టుకుంది. "నన్ను చెడ్డదాన్ననుకుంటున్నారా?"

"లేదమ్మా."

"నాన్న ప్రతి ఏడూ నెక్స్ట్ ఇయర్, నెక్స్ట్ ఇయర్ అన్నారు. ఆ నెక్స్ట్ ఇయర్ నాకొచ్చింది అన్నా."

అప్పుడు ఏడ్చింది. నేను ఫ్యాన్ ఆమె వైపు తిప్పాను.

కాగితాల పనులు అయ్యాక, విదేశంలో ఉన్న కొనేవాడి తరఫున ఒక చైనీస్ ఆయన బండి చూడటానికి వచ్చాడు. మర్యాద మనిషి. చెప్పులు విప్పి లోపల కూర్చున్నాడు. చిన్న టార్చి లైటుతో చెక్క పలక, తోలు, నేల కింద రేకు అన్నీ చూశాడు. "వెరీ నైస్, వెరీ నైస్" అంటూనే ఉన్నాడు. అర మూత తెరిచి, లోపల టేపు ముక్క చూసి, గోటితో తీసి, ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు. అతనికి అదేమిటో తెలియదు. నేను నోరు తెరిచేలోగా అయిపోయింది.

చివరికి ఎడమవైపు వెనక తలుపు దగ్గర ఆగాడు.

"దిస్ వన్ నాట్ ఒరిజినల్ లా," అన్నాడు. "మిగతాదంతా ఇంత బాగుండి ఇదొక్కటి ఇలా ఉంటే కొనే ఆయన ఒప్పుకోడు. మొత్తం అసలువే కావాలన్నాడు. ధర మళ్ళీ మాట్లాడాలి."

అంకుల్ కూతురు నా వైపు చూసింది. ఆమెకి డబ్బా సంగతి తెలియదు. నేను పైకి వెళ్ళి దేవుడి అలమారలోంచి తెచ్చాను. దూది విప్పితే దంతం రంగు పిడి కొత్తదానిలా మెరిసింది. నల్లదాన్ని ఊడదీశాను. దాని పిడి ఒక పక్క బాబు బొటనవేలు ఆనినంత మేర గుంట పడి ఉంది. అసలుది బిగించాను. అది చాలా సులువుగా తిరిగింది.

"పర్ఫెక్ట్," అన్నాడాయన. చెప్పిన ధర ఖాయమైంది. నా చేతిలో నల్లదాన్ని చూసి, "అది కూడా ఇచ్చెయ్, స్పేర్," అన్నాడు.

"లేదు. అది బండిది కాదు," అన్నాను.

సోమవారం లారీ వచ్చింది. బండిని తాళ్ళతో కట్టి, వాళ్ళ కవరు కప్పి, ఓడరేవుకి తీసుకెళ్ళారు. ఇంగ్లండ్ వెళ్తుందట, పుట్టిన చోటికి. అంకుల్ కప్పే కవరు వాళ్ళకి అక్కర్లేదు. స్తంభం పక్కన నేల మీద వదిలేశారు. అదే ఇవాళ ఉతికింది.

ఇవాళే బాబుని హోమ్‌లో చేర్చాం. ఉతుకు పని ముగించుకుని, అతని అక్కతో కలిసి టాక్సీలో బయల్దేరాను. బాబు ఎడమవైపు వెనక కిటికీ దగ్గరే కూర్చున్నాడు. కూర్చోగానే చెయ్యి తలుపు మీద వెతికింది. నున్నటి ప్లాస్టిక్, ఒక బటన్. ఆ బటన్ అతనికి ఏమీ కాదు. చెయ్యి గాలిలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నేను జేబులోంచి నల్ల హ్యాండిల్ తీసి ఇచ్చాను. బొటనవేలు దాని గుంటలో తనంతట తనే కూర్చుంది. దాన్ని తలుపుకి ఆనించి తిప్పాడు. అద్దం దిగలేదు. తిప్పుతూనే ఉన్నాడు.

డ్రైవరు అద్దంలో చూసి, "వాట్ హి డూయింగ్ ఆ?" అన్నాడు.

"ఓపెనింగ్ ద విండో, అంకుల్," అంది వాళ్ళక్క డ్రైవరుతో.

"రెయినింగ్, కెనాట్ లా," అన్నాడతను.

హోమ్‌లో నర్సు నెమ్మదైన మనిషి. బాబు బట్టలు ఒక్కొక్కటే చూసి లోపల సర్దింది. హ్యాండిల్ దగ్గర ఆగింది. "సారీ సర్, మెటల్ ఇక్కడ ఉంచకూడదు. ఇంకొకరికి తగలొచ్చు," అని అతని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి తీసి నా చేతికి ఇచ్చింది. తప్పు ఆమెది కాదు. అలాంటి చోట అలాంటి నియమం ఉండాల్సిందే.

బాబు గొడవ చేయలేదు. "టుమారో కార్?" అన్నాడు.

"నెక్స్ట్ వీక్ అక్క వస్తుంది, ఓకే?" అంది ఆమె.

గేటు దాటాక వెనక్కి చూశాను. పై అంతస్తులో గ్రిల్ వేసిన కిటికీ వెనక నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి అద్దం వైపు ఉంది. ఎడమచెయ్యి, నడుము దగ్గర, తిరుగుతోంది. అంత దూరం నుంచి కూడా ఎటు తిరుగుతోందో తెలిసింది. అద్దం దించే వైపు.

హ్యాండిల్ ఈ పుస్తకం పక్కనే పెట్టాను. ఇవాళ్టి ఖర్చు రాయాలి. టాక్సీ, పోను రాను. బట్టల సబ్బు. కవరు ఇంకా తడిగానే ఉంది. ఆరాక మడిచి హ్యాండిల్ పక్కన పెట్టాలి.